పడావులో మొలిచిన జొన్న

పోయిన వారం మొండోడిని చేను గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడ్డవాడిని నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. మధ్యలో చేరినవారి కోసం రెండు ముక్కలు. భూమి అడుగున నీళ్లు అంతకంతకూ దిగిపోతున్నాయని, మూడేళ్లు ఏ పంటా వేయకుండా చేలు పడావు పెట్టిన రైతులకు ప్రభుత్వం ఏటా సాయం ఇస్తోంది. మోటారుకు సీలు వేస్తారు. చేలో విత్తనం పడకూడదు. పడిందంటే వచ్చేది ఆగిపోవడమే కాదు, అంతవరకు తీసుకున్నదంతా కక్కాలి. కక్కలేకపోతే చేను వేలానికి పోతుంది. మొండోడు అందుకున్నది పాత అప్పులకే చాలీచాలకుండా సరిపోయింది. చేను ఖాళీగా ఉన్నన్నాళ్లూ పరాయి ఊళ్లలో కోత మిషను నడిపి ఇల్లు గడుపుకొచ్చాడు. ఇది ఆఖరి ఏడు. ఆఖరి తనిఖీకి ఆఫీసు వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే ఇంటికి చేరి, సంతోషంగా చేను దగ్గరికి వెళ్లి చూస్తే, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా జొన్న మొలక. వేలెడంత ఎత్తున, నవనవలాడుతూ.

పచ్చటి మొలకను చూసి గుండెలు బాదుకునే రైతు ఈ కథలో తప్ప ఇంకెక్కడా మీకు దొరకడు. ఏం చేస్తాం, రోజులు అలా తగలడ్డాయి.

బుద్ధి ఉన్నవాడైతే ముందు ట్రాక్టరు తెచ్చి మొలకంతా దున్నేసేవాడు. మనవాడికి ఆ పేరు ఊరికే రాలేదు. ముందు తన్నాలి, తర్వాత దున్నాలి అనుకున్నాడు. ఎవరిని తన్నాలో కూడా క్షణంలో తేలిపోయింది. అక్క మొగుడు మోటార్ల మెకానిక్. చేలు పడావు పడి మోటార్లకు సీళ్లు పడ్డాక అతని షెడ్డులో పని పడిపోయింది. మొండోడు కోతలకు బయలుదేరే ముందు టీ కొట్టు దగ్గర పదిమందీ వింటుండగా బావ అన్న మాట చెవిలో ఇంకా గింగురుమంటోంది. "నీ చేను మళ్లీ పచ్చబడే దాకా నాకు నిద్ర పట్టదురా బామ్మర్దీ."

పచ్చబడింది. ఇక నిద్రపుచ్చడమే మిగిలింది.

బావ ఇంటి ముందరే ఉన్న ఆ షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. బల్ల మీద ఒక మోటారు పొట్ట విప్పి పెట్టి ఉంది. కాలిన రాగి తీగ వాసన, వార్నిష్ వాసన కలిసి ముక్కు పట్టేస్తున్నాయి. బావ ఎత్తు స్టూలు మీద నడుం నిటారుగా కూర్చుని మోటారుకు తీగ చుడుతున్నాడు. చుట్టే పని మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది కాబట్టి తల ఎత్తకుండానే అన్నాడు. "ఎప్పుడొచ్చావురా? కూర్చో, మీ అక్క టీ పెడుతోంది."

మొండోడు గోడకు ఆనించి ఉన్న జాకీ రాడ్డు అందుకున్నాడు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. బావ మోటారు మీదికి బోర్లా పడి, లేచి వెనక్కి తిరిగాడు. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో అర్థమయ్యేలోపు రెండోది భుజం మీద పడింది. "విత్తుతావురా? నా చేలో విత్తుతావురా?" అని మొండోడు అరుస్తున్నాడు. బావ చేతికి పెద్ద పానా దొరికింది. మోకాలంత పొడవున్న ఆ పానాని ఎత్తాడు కూడా. మొండోడి నెత్తి సరిగ్గా దాని కిందే ఉంది. కొట్టి ఉంటే ఈ కథ ఈ వారంతో సరి. కానీ ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పానా మెల్లగా కిందికి దిగింది.

మొండోడు ఆగలేదు. ఆ చెయ్యినే పట్టుకుని, బల్లకు బిగించిన ఇనుప వైసు మీద అదిమి, రాడ్డుతో బలమంతా పెట్టి కొట్టాడు. వేళ్ల ఎముకలు విరిగిన చప్పుడు వాడికి వినిపించింది. బావ మోకాళ్ల మీద కూలబడి, తెగిన రాగి తీగల మధ్య పడ్డ తన చేతిని తనది కానట్టు చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. టీ గ్లాసులు గుమ్మంలోనే వదిలేసి, కొక్కేనికి వేలాడుతున్న ఫ్యాన్ బెల్టు లాగి తమ్ముడి మొహం మీద ఒక్కటి ఇచ్చింది. పై పెదవి చీలింది. ఇంకోటి ఇచ్చింది. మూడోసారి ఎత్తేసరికి మొండోడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వదలరా! చంపుతావా? మా ఆయన్ని నా ఇంట్లోనే చంపుతావా?"

"చేను మొలిచిందే అక్కా! అంతా జొన్నే! నీ మొగుడు విత్తాడు. ఇవాళ ఆఫీసు వాళ్లు వస్తున్నారు. చేను పోతుందే!"

"ఈయన విత్తడమేంటి? నెల్లాళ్లుగా నడుం నొప్పితో గడప దాటలేదు. వంగి చెప్పు తొడుక్కోవాలంటే నేను రావాలి. విత్తే గొర్రు పట్టుకుని నీ చేలో తిరిగాడా?"

మొండోడి చేతిలోని రాడ్డు బరువెక్కింది. "మరి టీ కొట్టు దగ్గర అన్నమాట?"

కింద నుంచి బావ మాట్లాడాడు. పళ్లు బిగించి, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు మాట్లాడాడు. "కడుపు మండి అన్నానురా. మాటే అన్నాను. నీ చేను గట్టు తొక్కి ఎన్నాళ్లయిందో తెలుసా? మా పొడుగోడు వెళ్లిపోయిన రోజు నుంచీ అటువైపు చూడలేదు. మీ బావి మోటారు బాకీ దగ్గరే కదరా వాడికీ నాకూ మాట పట్టింపు వచ్చింది."

పొడుగోడంటే బావ తమ్ముడు. అన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. బావి గోడలోని మెట్టు రాళ్ల మీద కాళ్లు పెట్టి, తాడు లేకుండా దిగి ఎక్కేవాడు. చేను పడావు పెట్టకముందు ఒకరోజు అన్న చెంప మీద కొట్టాడని అలిగి వెళ్లాడు. ఇక తిరిగి రాలేదు. ఏ పట్నంలోనో ఉండి ఉంటాడని అందరూ అనుకున్నారు. బావ మాత్రం ఇప్పటికీ బస్సు ఆగిన చప్పుడైతే షెడ్డులోంచి తొంగి చూస్తాడు.

"ఒక్క చెంపదెబ్బకు తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను. మళ్లీ ఎవడి మీదా చెయ్యి ఎత్తనని ఒట్టేసుకున్నాను. లేకపోతే ఇందాక నీ తల రెండు చెక్కలయ్యేది."

అక్క తన చీర కొంగు చింపి చేతికి చుడుతోంది. చుడుతూనే తమ్ముడి వైపు చూడకుండా అంది. "పో. నా కళ్ల ముందు నిలబడకు."

మొండోడు వెళ్లాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది కానీ, చావడానికి కూడా తీరిక లేదు. ఆఫీసు జీపు మధ్యాహ్నం లోపే వస్తుంది.

ట్రాక్టరుకు కల్టివేటరు తగిలించి చేలోకి దించాడు. పెదవి నుంచి కారుతున్న రక్తం చొక్కా మీద పడుతోంది. మొదటి సాలు మొదలుపెట్టబోతూ, ఎటు నుంచి ఎటు దున్నాలా అని మొలక సాళ్ల వెంట చూపు సారించాడు. పొద్దున కంగారులో పచ్చదనమే చూశాడు తప్ప సాళ్లు చూడలేదు. ఇప్పుడు చూశాడు. కొన్ని సాళ్లు ఒత్తుగా మొలక, పక్కన ఒక సాలు బోడి. మళ్లీ కొన్ని సాళ్లు, మళ్లీ ఒక బోడి సాలు. చేను ఆ చివరి దాకా అదే వరస.

గొర్రుకు ఎన్ని గొట్టాలుంటే అన్నిట్లోంచీ విత్తనం పడనిస్తారు ఎవరైనా. చివరి గొట్టంలో పాత గుడ్డ కుక్కి, కలుపు తీసేవాళ్లు మొక్క తొక్కకుండా నడవడానికి దారి వదిలే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. చిన్నప్పుడు ఆ గుడ్డ పీకేసినందుకు మొండోడు ఆ మనిషి చేతిలో తన్నులు కూడా తిన్నాడు. పంట కోయని చేనుకు కూడా కలుపు దారి వదిలాడు మహానుభావుడు. అలవాటు చేతిలో ఉంటుంది, బుర్రలో కాదు.

తల ఎత్తేసరికి ఆ మనిషి ఎదురుగానే ఉన్నాడు. పెద్దాయన, మొండోడి కన్నతండ్రి, చేతిలో పారతో ట్రాక్టరు ముందు నిలబడ్డాడు. ఆయన వెనక, చేను మూలన పాత బావి. దాని మూతికి చెక్కలు, వాటి మీద ముళ్లకంప.

"దిగు," అన్నాడు పెద్దాయన.

"నాన్నా, నువ్వే విత్తావా?"

"దిగమన్నానా?"

"నువ్వు విత్తి, నాతో ఒక్క మాట అనకుండా... నేను బావ చెయ్యి విరగ్గొట్టి వస్తున్నాను నాన్నా! నీ పనికి ఆయన్ని కొట్టి వస్తున్నాను!"

పెద్దాయన మొహంలో ఏదో కదిలి ఆగిపోయింది. "ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"బతుకుతాడులే. నువ్వు దిగు."

ఆ మాట తీరుకే మొండోడికి ఒళ్లు మండిపోయింది. ఇంజను రంకె వేయించాడు. తప్పుకుంటాడనుకున్నాడు. తప్పుకోలేదు సరికదా, ముసలాయన పక్కకు వచ్చి పార ఎత్తి విసిరినట్టు కొట్టాడు. పార అంచు మొండోడి ముంజేతిని కోసుకుంటూ పోయింది. ఇంజను ఆగిపోయింది. మొండోడు సీటు మీంచి తండ్రి మీదికే దూకాడు. ఇద్దరూ మొలకల్లో పడి దొర్లారు. ముసలాయన వాడి గాయంలోకి వేళ్లు దించాడు. వాడు ఆయన ఛాతీ మీద మోకాలు వేసి, గొంతు పట్టుకున్నాడు. ఎవరి గొంతు పట్టుకున్నాడో తెలిసే పట్టుకున్నాడు. వేళ్ల కింద ఆయన నరం కొట్టుకోవడం కూడా తెలుస్తోంది.

"నొక్కు," అన్నాడు పెద్దాయన, ఊపిరి అందక. "నొక్కినా సరే. దున్నకు."

మొండోడు వదిలేశాడు. ఏడుపు వచ్చింది. "ఎందుకు నాన్నా? మూడేళ్లు ఓపిక పట్టాం. ఇంకొక్క తనిఖీ అయితే చేను మనకు దక్కేది."

పెద్దాయన దగ్గి, లేచి కూర్చుని, మట్టి ఉమ్మాడు. "ఈసారి మొలక ఉందో లేదో చూసి పోవడం కాదు, బావుల్లో పూడిక తీసి, నీళ్లు ఎంత పైకి వచ్చాయో కొలిచే గొట్టం దించుతారని నువ్వే ఫోన్లో చెప్పావు. సంబరపడి చెప్పావు."

"అయితే?"

"చేను పచ్చగా కనపడితే మన పేరు పథకంలోంచి కొట్టేసి వెనక్కి పోతారు. బావి జోలికి రారు."

"బావిలో ఏముంది?"

ముసలాయన ఒక మొలకను వేలితో సరిచేశాడు. ఇందాక ఇద్దరి కింద పడి నలిగిన మొలక అది.

"పొడుగోడు," అన్నాడు.

మొండోడికి ఆ మాట చెవికి అందింది కానీ లోపలికి దిగడానికి కాసేపు పట్టింది.

"రిపేరు బాకీ తీర్చలేదని మోటారు విప్పుకుపోవడానికి వచ్చాడు. అన్నతో పోట్లాడి ఆ కోపం మీద వచ్చాడు. నన్ను దొంగ అన్నాడు. నేనూ ఊరుకోలేదు. ఇదే పార."

"పడ్డాడా, తోశావా?"

"రెండూ."

"వెంటనే పోయాడా నాన్నా?"

పెద్దాయన గొంతు మామూలుగానే ఉంది. అదే మొండోడు భరించలేకపోయాడు. "పొద్దు వాలే దాకా పిలిచాడు. కాళ్లు విరిగినట్టున్నాయి, ఎక్కలేకపోయాడు. నిచ్చెన వేయి మావయ్యా, ఎవరికీ చెప్పను మావయ్యా అని. వేద్దామనే నిచ్చెన తెచ్చాను. తెచ్చి గట్టు మీద పెట్టి కూర్చున్నాను. వాడు పైకొస్తే నేను జైలుకు పోతాను, నువ్వు ఊళ్లో తలెత్తుకోలేవు, మీ అక్క కాపురం కూలిపోతుంది. ఇదే ఆలోచిస్తూ కూర్చున్నాను. తర్వాత పిలవడం మానేశాడు. గడ్డి వేశాను. మట్టి వేశాను."

తండ్రి పాపం చేశాడని తెలిసిన కొడుకు ఏం చేయాలో ఎవరూ నేర్పరు. మొండోడు తుండు తీసి ముంజేతికి కట్టుకున్నాడు. ఏదో ఒకటి చేయాలి కాబట్టి కట్టుకున్నాడు. కింద పడ్డ పార తీసి పట్టుకున్నాడు. అదీ అందుకే.

రోడ్డు మీద జీపు హారను మోగింది.

తనిఖీ అధికారిణి దిగింది. వెనక ఇద్దరు కూలీలు తాడు చుట్ట, బకెట్లు దించుతున్నారు. వాళ్ల వెనక సీట్లోంచి అక్క దిగింది. అక్క పట్టుకుంటే బావ దిగాడు. చేతికి చుట్టిన గుడ్డ నల్లబడిపోయింది. మొహం పాలిపోయింది. అయినా మొండోడిని చూసి నవ్వబోయాడు. దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు.

"దారిలో జీపు ఆపి మేడమ్‌కి చెప్పేశాను. పగ కొద్దీ నేనే విత్తానని. పరాయివాడు విత్తితే రైతు తప్పు కాదంట, పీకేస్తే చాలంట. కేసు నా మీద పెడతారు. పెట్టనీ, ఈ చేత్తో ఇంకేం పని చేస్తాను కనుక? మీ అక్క ఏడుపు చూడలేకపోయానురా. నువ్వు ఔనను, చాలు."

మొండోడు అక్క వైపు చూశాడు. ఆమె ఇంకా వాడి మొహం చూడటం లేదు. కానీ మొగుడి చేత ఆ అబద్ధం చెప్పించింది ఆమే అని వాడికి తెలుసు. తమ్ముడి చేను కోసం తన ఇంటి మీదికి కేసు తెచ్చుకుంది.

అధికారిణి మొలకల్లో నాలుగు అడుగులు వేసి నిలబడింది. "ఈయన తనే విత్తానంటున్నారు. చేను మీది, మీరు చెప్పండి. నిజమేనా? ఔనంటే మీ సాయం మీకుంటుంది. మొలక రేపటికల్లా దున్నేయండి. మేం బావి పని చూసుకుని వెళ్తాం."

ఔనంటే చేను దక్కుతుంది, బావి తెరుచుకుంటుంది. కాదంటే చేను పోతుంది, బావి మూసే ఉంటుంది. ఔనంటే చెయ్యి విరిగినవాడి మీదే కేసు పడుతుంది. కాదంటే, తమ్ముడు ఇక ఏ బస్సులోంచీ దిగడని బావకు ఎప్పటికీ ఎవరూ చెప్పరు. మొండోడు పెద్దాయన వైపు చూశాడు. ఆయన చేతులు రెండూ మట్టిలో ఆనించి, పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"కాదు మేడమ్," అన్నాడు మొండోడు. "మేమే విత్తుకున్నాం. మా గొర్రుతోనే. ఆ బోడి సాలు చూడండి, అది మా గుర్తు. బావకు ఏ సంబంధమూ లేదు."

"ఏం మాట్లాడుతున్నారో తెలుసా? సాయం రద్దవుతుంది. తీసుకున్నది కట్టాలి. కట్టకపోతే వేలం."

"తెలుసు."

ఆమె తల ఊపి కూలీలను తాడు జీపులోకి ఎక్కించమంది. "ఇక్కడ బావి అక్కర్లేదు. పదండి." జీపు వెనక్కి తిరిగి, దుమ్ము రేపుకుంటూ రోడ్డెక్కింది. పెద్దాయన ఊపిరి వదిలిన చప్పుడు మొండోడికి స్పష్టంగా వినిపించింది. తాతల నాటి చేను ఆ ఒక్క ఊపిరికి సరిపోయింది.

అక్క మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూసింది. "నీకేమైనా పిచ్చి పట్టిందా?"

బావ నొప్పిని పళ్ల మధ్య నమిలి మింగుతూ, ఒకసారి మొండోడిని, ఒకసారి పెద్దాయనని చూశాడు. ఆగిపోయిన మోటారును విప్పకముందు మెకానిక్ చెవి ఆనించి వింటాడే, అలా చూశాడు.

"ఒరే బామ్మర్దీ, పొద్దున ఈ చేను కోసం నా చెయ్యి విరగ్గొట్టావు. మధ్యాహ్నానికి అదే చేను ఊరికే వదిలేశావు. నిజం చెప్పాలని ఇంత ఆత్రపడే రకం కాదు నువ్వు."

"ఇంటికి పద బావా. ఆసుపత్రికి పోదాం."

"బావి పని చూస్తామని ఆమె అన్నప్పుడు నీ మొహం చూశాను. బావి అక్కర్లేదన్నప్పుడు మావయ్య మొహం చూశాను." బావ మూలకు నడవడం మొదలుపెట్టాడు. నడుం నొప్పితో వంగి, విరిగిన చేతిని పొట్టకు అదుముకుని, మొలకలు తొక్కకుండా బోడి సాలు వెంట నడిచాడు. ఎడం చేత్తో ముళ్లకంప లాగి పారేశాడు. ఒక చెక్క ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

గోడలోని మెట్టు రాళ్లు సగం దాకానే కనిపించాయి, మిగతావి మట్టి కింద.

"మావయ్యా," అని పిలిచాడు. బావి లోపలి నుంచి ఆ పిలుపే ఇంకోసారి వచ్చింది. "ఇందులో ఇంత మట్టి ఎవరు పోశారు?"

పెద్దాయన లేచాడు. ఆయన చెయ్యి పక్కన నేల మీద పార కోసం వెతుకుతోంది. పార మొండోడి చేతిలో ఉంది.